ఒంటి దున్న వస్తే మంద వచ్చినట్టేనా?

2024లో నల్లమలలో అడవిదున్న కనిపించింది. జనవరిలో వెలుగోడు రేంజిలో ఒకసారి, జూన్‌లో బైర్లూటి రేంజిలో ఇంకోసారి. అంతకుముందు నల్లమలలో దున్నని చూసింది 1870ల్లోనని అటవీశాఖ వాళ్లు చెప్పారు. అంటే దాదాపు నూటయాభై ఏళ్ల తర్వాత అన్నమాట! వార్త చదివి తెగ సంబరపడిపోయి, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆఫీసులో నలుగురికీ చెప్పాను. మా టీములో ఒకతను పెరుగన్నం కలుపుకుంటూ "ఎన్నొచ్చాయి?" అన్నాడు. ఒకటే కనిపించిందట అన్నాను. "అయితే దాన్ని తిరిగి రావడం అనరు, దారి తప్పడం అంటారు" అనేసి తినడంలో పడ్డాడు. అతను టెస్టర్ లెండి, మనం ఏం చెప్పినా అందులో బగ్ వెతుకుతాడు.

కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అందులో నిజం ఉంది. అడవిదున్నల మందని నడిపేది ముసలి ఆవు. ఆడవీ, దూడలూ, పడుచువీ ఒకచోట ఉంటాయి. పెద్ద మగవి మాత్రం ఎదకాలం కాని రోజుల్లో ఎక్కువగా ఒంటరిగానో, రెండు మూడు కలిసో తిరుగుతుంటాయి. అలా తిరుగుతూ తిరుగుతూ ఎక్కడికో వెళ్లిపోతాయి. కాబట్టి ఎక్కడైనా ఒక ఒంటి దున్న కనిపిస్తే, దూరంగా ఎక్కడో ఒక మంద ఇంకా బతికే ఉందని అర్థం. అది కనిపించిన చోట మంద ఉందని మాత్రం కాదు. ఈ రెండిటికీ మధ్య ఉన్న తేడా మన వార్తల్లో ఎప్పుడూ మాయమైపోతుంది.

ఇంతకీ దీన్ని దున్న అనడమే తప్పు. మన బర్రెలకీ దీనికీ చుట్టరికం దూరం. ఇది ఆవు జాతికి దగ్గరిది. ఇంగ్లీషువాడు ఇండియన్ బైసన్ అన్నాడు, అదీ తప్పే. అసలు పేరు గౌర్. ఆవుకి 60 క్రోమోజోములు, మన దేశపు గౌర్‌కి 58, బర్రెకి 50. లెక్క చూస్తే ఎవరు ఎవరి పక్క కూర్చోవాలో తెలిసిపోతుంది. నిజమైన అడవి బర్రె, అంటే మన పాత నిఘంటువుల్లోని కారెనుము, వేరే ఉంది. అది ఇప్పుడు గోదావరి, ఇంద్రావతుల అవతల, సిరొంచకి పైన గడ్చిరోలి జిల్లా కొలమార్కలోనూ, బస్తరు వైపూ కొద్దిగా మిగిలింది. మనం రెండిటినీ అడవిదున్న అనే అంటాం. టేబుల్ పేరే తప్పు పెట్టుకుంటే అందులో రికార్డులు ఎలా ఉంటాయో మా వృత్తివాళ్లకి చెప్పక్కర్లేదు. అయినా జనం నోట్లో పడిన పేరు కాబట్టి నేనూ దున్న అనే రాస్తాను.

చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. పెద్ద మగదైతే భుజం దగ్గర ఆరడుగుల ఎత్తు, వెయ్యి కిలోల దాకా బరువు. వీపు మీద గట్టులాంటి మూపు. మోకాళ్ల కింద నాలుగు కాళ్లకీ తెల్లటి మేజోళ్లు తొడిగినట్టుంటుంది. మగది నల్లగా, ఆడది గోధుమ రంగులో, పసిదూడ ఇంకా లేత రంగులో ఉంటాయి. ఈ రంగుల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మన తెలుగు నేల మీద ఇప్పుడు మందలుగా ఉన్నవి ప్రధానంగా గోదావరి చుట్టుపక్కల అడవుల్లోనే. ఏటూరునాగారం, కిన్నెరసాని, కవ్వాల్, కింద పాపికొండలు. కృష్ణ వైపు, అంటే నల్లమలలో, ఖాళీ. ఒకరోజు మ్యాపు తెరిచి కొలుచుకుంటూ కూర్చున్నాను. కోదాడ నుంచి కిన్నెరసానికి సూటిగా గీత గీస్తే నూరు కిలోమీటర్ల పైచిలుకు. మిర్యాలగూడ నుంచి నాగార్జునసాగర్, అంటే అమ్రాబాద్ టైగర్ రిజర్వు అంచు, నలభై కిలోమీటర్లు. దున్నలున్న అడవికీ, దున్నలు పోయిన అడవికీ సరిగ్గా మధ్యలో పడ్డది మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం. గోదావరి గట్టు నుంచి కృష్ణ గట్టుకి ఒక దున్న నడిచి వెళ్లాలనుకుంటే, దగ్గరి దారుల్లో ఒకటి మా ఊళ్ల మీదుగానే.

ఆ దారి ఎలా ఉందో మాకంటే ఎవరికి తెలుసు? 1967 ఆగస్టులో సాగర్ కాలువలకి నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చెలకలన్నీ వరిమళ్లయ్యాయి. మిర్యాలగూడలో ఎటు చూసినా రైసుమిల్లే. మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి ఉన్నచోటల్లా సిమెంటు ఫ్యాక్టరీ. నడుమ హైదరాబాదు-విజయవాడ నాలుగు లైన్ల రోడ్డు. నేను కాలువని తిట్టడం లేదు. ఆ నీళ్లతో పండిన వడ్లు అమ్మే మా నాయన నన్ను చదివించాడు. కానీ కాలువకి ఇవతల నుంచి అవతలకి ఒక అడవి జంతువు దాటేందుకు దారి ఉందా అని మాత్రం ఎవరం ఎన్నడూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు.

2025 మొదట్లో ఆ ప్రశ్న దానంతట అదే రోడ్డెక్కింది. చౌటుప్పల్ మండలంలో పొలాల్లో ఒక అడవిదున్న కనిపించింది. చౌటుప్పల్ అంటే హైదరాబాదు నుంచి సూర్యాపేట వెళ్లేటప్పుడు మొదట్లోనే వచ్చే ఊరు. ఏటూరునాగారం నుంచి అయినా కిన్నెరసాని నుంచి అయినా సూటిగా కొలిస్తే దాదాపు 200 కిలోమీటర్లు. పట్టుకుని అడవికి చేర్చే ప్రయత్నంలోనే ఆ దున్న చచ్చిపోయింది.

ఇలాంటి చావుల గురించి కొంచెం చెప్పాలి. వెయ్యి కిలోల జంతువుని జనం అరుస్తూ, బైకులేసుకుని, ఫోన్లు పట్టుకుని తరిమితే అది ఆగకుండా పరిగెడుతుంది. కండరాలకి ఆక్సిజన్ చాలదు, ఆమ్లం పేరుకుంటుంది, కండ తనలో తనే విచ్ఛిన్నమై ఆ మలినాలు రక్తంలో కలుస్తాయి. కిడ్నీలు దెబ్బతింటాయి, గుండె ఆగిపోవచ్చు. ఒక్కోసారి పట్టుకున్న గంటకి, ఒక్కోసారి రెండు మూడు రోజులకి కూడా చనిపోతుంది. డాక్టర్లు దీన్ని క్యాప్చర్ మయోపతి అంటారు. మత్తు ఇంజెక్షన్ వేసే సమయానికే చాలావరకు నష్టం జరిగిపోయి ఉంటుంది. తర్వాత ఎంత మంచి డాక్టరొచ్చినా చేయగలిగింది తక్కువ.

మా చిన్నాయన హుజూర్‌నగర్ దగ్గర వ్యవసాయం చేస్తాడు. నలభై ఏళ్లు ఎడ్లతో పనిచేసిన మనిషి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అడిగాను.

"చిన్నాయనా, మన పొలంలకి అడవిదున్న వస్తే ఏం జేస్తవ్?"

"ముందుగాల ఊర్ల పోరగాళ్లను ఆపాలె. ఎండల ఎద్దునే ఉరికిస్తె కూలబడ్తది. అది గంత పెద్ద గొడ్డు. ఊకుంటె అదే నీళ్లు తాగి పోతది గద."

"వరి తొక్కుతది కదా మరి?"

"తొక్కుతది. ఎకరం తొక్కుతదేమో. దానికి పైసలిస్తరో లేదో గవర్నమెంటోళ్లను నువ్వే అడుగు, సదువుకున్నోడివి."

నాకైతే ఆయన చెప్పినదాంట్లో మొత్తం ప్లాను ఉందనిపించింది. జనాన్ని దూరం పెట్టడం, తరమకపోవడం, పంట నష్టం ఆలస్యం లేకుండా కట్టివ్వడం. మూడోది లేకపోతే మొదటి రెండూ జరగవు.

సరే, అసలు నల్లమలలో ఎందుకు పోయాయి? వేట ఒక్కటే అనుకుంటాం. దున్నల విషయంలో అంతకంటే పెద్ద శత్రువు మన పశువుల జబ్బు. రిండర్‌పెస్ట్, మన పెద్దవాళ్లు పెద్దరోగం అనేవారు. మేతకి అడవికి తోలిన పశువుల నుంచి దున్నలకి అంటుకుంటే మందలకి మందలు పోయేవి. 1968లో ముదుమలై, బందిపూర్ అడవుల్లో అలాగే దున్నలు కుప్పలుగా చచ్చాయి. అంత పెద్ద అడవి కాబట్టి అక్కడ మళ్లీ కోలుకున్నాయి. చిన్న మందకి ఆ అవకాశం ఉండదు. టీకాల పుణ్యమా అని 2006లో మన దేశం, 2011లో మొత్తం ప్రపంచం ఆ రోగం నుంచి బయటపడ్డాయి. కానీ గాలికుంటు ఉంది, ఆంత్రాక్స్ ఉంది. ఏటూరునాగారం అంచుల్లో ఒక రైతు తన ఆవుకి గాలికుంటు టీకా వేయిస్తే అది దున్నల సంరక్షణ కిందకే వస్తుంది. ఏ లెక్కలోనూ అలా రాయరు, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు విషయం, లెక్క. పులి గురించి అడిగితే 2022 లెక్కింపు ప్రకారం దేశంలో 3,682 అని అంచనా చెప్పగలరు. ఎందుకంటే ప్రతి పులి చారలూ వేరు, కెమెరా ట్రాప్‌లో పడిన ఫొటోతో ఇది ఫలానా పులి అని తేల్చొచ్చు. చారలే ప్రైమరీ కీ. దున్నకి ఆ సౌకర్యం లేదు. కొమ్ము విరిగినదో, చెవి చిరిగినదో అయితే తప్ప అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకని గీత వెంబడి నడిచి కనిపించినవి లెక్కేసి మొత్తాన్ని అంచనా కట్టడం, పేడ, గిట్టల గుర్తులు చూడటం, ఎండాకాలం నీటిగుంటల దగ్గర కాపు కాయడం. ఇందులో ఒకే మందని రెండుసార్లు లెక్కపెట్టడం చాలా సులువు. పెద్ద అడవిలో అది చిన్న పొరపాటు. ముప్ఫై దున్నలు మిగిలిన అడవిలో అదే పొరపాటు జరిగితే, తగ్గిపోతున్న మంద కాగితం మీద పెరుగుతున్నట్టు కనిపిస్తుంది.

నన్నడిగితే మొత్తం ఎన్ని అన్న ప్రశ్నే పక్కన పెట్టాలి. ఆడవాటికి ఎన్ని దూడలు అన్నది చూడాలి. ఇందాక చెప్పిన రంగులు ఇక్కడ పనికొస్తాయి. పులుల కోసం పెట్టిన కెమెరాల్లో దున్నలు కూడా పడుతూనే ఉంటాయి. మనకి అక్కర్లేని ఫొటో అని పక్కన పడేసేదాంట్లోనే నల్లది, గోధుమరంగుది, లేతరంగుది విడదీసి రాస్తే చాలు. ఒకే దున్న పదిసార్లు పడినా, ఆడవాటికీ దూడలకీ ఉన్న నిష్పత్తి మొత్తం లెక్కంత దెబ్బతినదు. ఆడదానికి తొమ్మిది నెలలు మోసి ఒకే దూడ. అలాంటప్పుడు మూడేళ్లు వరసగా దూడలు కనిపించకపోతే ఆ మంద అప్పటికే పోయినట్టు లెక్క, పెద్దవి ఇంకో పదేళ్లు కనిపిస్తూ ఉన్నా సరే. ఫొటోలు చూసి ఏ జంతువో చెప్పే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు బోలెడుంది. మాలాంటివాళ్లు శనాదివారాల్లో కూర్చుని చేయగలిగిన పని ఇది.

ఇది చెయ్యడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు కూడా. 2024 ఆగస్టు 31న తాడ్వాయి-మేడారం అడవిలో పెనుగాలికి యాభై వేల దాకా చెట్లు కూలాయి. అందరూ అయ్యో అన్నారు. దున్న వైపు నుంచి చూస్తే నేలకి ఎండ తగిలింది, గడ్డి, వెదురు మొలుస్తాయి. దున్న తిండి అదే. ఆ కూలిన చోట వచ్చే నాలుగైదేళ్లలో దూడలు పెరుగుతాయా లేదా అన్నది రాసిపెట్టుకుంటే, మిగతా అడవుల్లో ఏం చెయ్యాలో తెలుస్తుంది. అక్కడ పశువుల మందలే ముందు దిగితే అదీ తెలుస్తుంది.

కొద్దిగా మిగిలిన మందని వెంటపడి లెక్కపెట్టి బతికించడం కొత్త సంగతి కాదు. అమెరికాలో కోట్లలో ఉన్న బైసన్లు అయిపోయి, 1902 నాటికి ఎల్లోస్టోన్‌లో రెండు డజన్లకి అటూఇటూగా మిగిలాయి. యూరప్ బైసన్ అయితే అడవిలో పూర్తిగా పోయింది. ఇప్పుడున్నవన్నీ జూల్లో మిగిలిన పన్నెండింటి సంతానం. ఏది ఎవరి దూడో వంశావళి పుస్తకం పెట్టి రాసుకుంటూ వచ్చారు కాబట్టి మళ్లీ అడవుల్లో వదలగలిగారు.

మన దేశంలోనూ ఉంది. బాంధవ్‌గఢ్‌లో 1998 నాటికి దున్నలు అంతరించాయి. 2011 జనవరిలో కాన్హా నుంచి 19, 2012 జనవరిలో 31, మొత్తం 50 తెచ్చి వదిలారు. తర్వాత ఆ మంద వంద దాటింది. పాపికొండల నుంచి నల్లమలకి దున్నల్ని తేవాలన్న ప్రతిపాదన వినిపించినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే. బాంధవ్‌గఢ్‌కి తెచ్చినవాటిలో ఆడవి ఎక్కువ ఉండేలా చూసుకున్నారు. కొన్నిటికి రేడియో కాలర్లు కట్టి ఏది ఎక్కడ తిరుగుతోందో చూస్తూ వచ్చారు. అంత చేశాక కూడా పని అయిపోయిందనుకోలేదు. ఒకే చోటి రక్తం చాలదని 2025 ఫిబ్రవరిలో సాత్పురా నుంచి మరికొన్నిటిని తెచ్చి కలిపారు.

నల్లమలకి అలా తేవాలంటే ముందు పాపికొండల్లో ఎన్ని ఆడవి ఉన్నాయో, వాటికి దూడలు ఏటా నిలుస్తున్నాయో లేదో తేలాలి. అక్కడి అడవి అంచున పోలవరం నీళ్లు పెరగబోతున్నాయి. ఇచ్చే మందే తగ్గుతూ ఉంటే అందులోంచి ఇరవై తీసి ఇంకోచోట పెట్టడం వల్ల రెండుచోట్లా నష్టమే. ఇక వెలుగోడులో కనిపించిన ఆ ఒంటి దున్న నల్లమలలోనే ఉండిపోతే, దాని కోసమైనా ముందు తేవాల్సింది నాలుగు ఆడవాటిని.