కాకికి షాక్ ఎందుకు కొట్టదు?

కాకి కాళ్ళకి షాక్ కొట్టదని చాలామంది నమ్మకం. కాళ్ళ మహత్యమేమీ లేదండీ. రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉంటాయి, వాటి మధ్య వోల్టేజి తేడా దాదాపు సున్నా. తీగలో 11 వేల వోల్టులున్నా సరే, తేడా లేనిదే కరెంటు ఒంట్లోకి పారదు. రెక్క పక్క తీగకో ఇనప స్తంభానికో తగిలిందా, అంతే సంగతి! అందుకే పెద్ద గద్దలకీ గబ్బిలాలకీ గండం ఎక్కువ.

బట్టమేక పక్షి (ఒకప్పుడు మన రోళ్లపాడు అభయారణ్యంలో తిరిగేది) తీగ మీద అసలు వాలనే వాలదు. అయినా దానికీ తీగలతోనే గండం: బరువైన ఒళ్ళు, ఎదుటి చూపు తక్కువ. అందుకే రాజస్థాన్‌లో ఎగురుతూ వెళ్ళి తీగల్ని గుద్దుకుంటోంది. దాన్ని కాపాడేందుకు తీగల్ని భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024లో సడలించింది. నాకైతే మొదటి మాటే నచ్చింది.