కిటికీ ముందు రెండు నిమిషాలు

హైదరాబాద్‌ హైటెక్‌ సిటీ మెట్రో స్టేషన్‌. ఉదయం రైలు ఆగగానే మెడలో ట్యాగులు వేసుకున్న కుర్రకారు పరుగులాంటి నడకతో మెట్లు దిగిపోతుంటారు. వాళ్ల మధ్య కొందరి తీరు మాత్రం వేరు. మడత నలగని ఇస్త్రీ చొక్కా, చంకలో ప్లాస్టిక్‌ ఫోల్డరు, నుదుట చిన్న బొట్టు... పదడుగులకోసారి ఆగి, పాస్‌పోర్టు ఉందో లేదో తడిమి చూసుకుంటారు. వీళ్లు ఆఫీసులకు వెళ్లేవాళ్లు కాదు. స్టేషన్‌ కింది అంతస్తులో ఉన్న వీసా దరఖాస్తుల కేంద్రానికి వచ్చినవాళ్లు. అమెరికా ప్రయాణానికి మొదటి గుమ్మం అదే. పదివేళ్ల ముద్రలూ ఫొటో తీసుకుని పంపించేస్తారు. అసలు పరీక్ష మర్నాడో ఆ తర్వాతో ఉంటుంది. దానికి రాయదుర్గంలో మెట్రో దిగి, ఆటో ఎక్కి, నానక్‌రామ్‌గూడ దాకా వెళ్లాలి.

ఇప్పుడు ఇంత దగ్గరగా ఉందిగానీ, ఒకప్పుడు అమెరికా వీసా అంటే మనకు చెన్నై ప్రయాణమే. రాత్రి చార్మినార్‌ ఎక్స్‌ప్రెస్‌ ఎక్కి, తెల్లారి సెంట్రల్‌లో దిగి, లాడ్జిలో స్నానం కానిచ్చి, జెమినీ ఫ్లైఓవర్‌ పక్కన వరుసలో నిలబడేవారు. 2006 మార్చిలో అధ్యక్షుడు బుష్‌ పర్యటన సందర్భంగా హైదరాబాద్‌కూ కాన్సులేట్‌ వస్తుందని ప్రకటించారు. 2008 అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అది మొదలైంది. ఫలక్‌నుమా కట్టించిన వికారుల్‌ ఉమ్రాదే ఆ భవనం కూడా. నవాబుగారి మహల్లో వేలిముద్రలు వేసిన తరం మనది! 2023 మార్చిలో కాన్సులేట్‌ నానక్‌రామ్‌గూడకు మారింది. 34 కోట్ల డాలర్లతో కట్టిన కొత్త భవనంలో వీసాల కోసమే 54 కిటికీలు పెట్టారు.

ఆ కిటికీల్లో ఒకదాని ముందు ఈమధ్యే నిలబడి వచ్చారు, గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన. వయసు యాభై దాటింది. పేరు వద్దన్నారు, కాబట్టి మిర్చిగారనే అందాం.

చదువుకోవడానికి వెళ్లే పిల్లల గురించీ, మనవణ్ని చూడటానికి వెళ్లే అమ్మమ్మల గురించీ మన పత్రికలు ఎన్నో రాశాయి. వ్యాపారం కోసం వెళ్లేవాళ్ల సంగతి ఎవరికీ పెద్దగా పట్టదు. వాళ్లకిచ్చేది బీ1 వీసా. సాధారణంగా చుట్టపుచూపు వీసా అయిన బీ2తో కలిపి, పదేళ్ల గడువుతో ఒకే ముద్రగా వేస్తారు. దాంతో అక్కడ ఏం చేయొచ్చు? బేరాలు మాట్లాడుకోవచ్చు, ఒప్పందాలు రాసుకోవచ్చు, ప్రదర్శనలకు వెళ్లొచ్చు, ఇక్కడ తయారైన సరుకుకు ఆర్డర్లు పట్టొచ్చు. అక్కడి కొట్లో కూర్చుని జీతం తీసుకోవడం మాత్రం కుదరదు.

మిర్చిగారి అవసరం ఇదీ. న్యూజెర్సీలో మసాలా దినుసులు దిగుమతి చేసుకునే ఒక సంస్థకు ఆయన కొన్నేళ్లుగా కారం పంపుతున్నారు. అఫ్లటాక్సిన్‌ అని, బూజు వల్ల పుట్టే విషం ఒకటుంది. అమెరికా నిబంధన ప్రకారం ఆహారంలో అది వంద కోట్ల పాళ్లకు 20 పాళ్లు మించకూడదు. కళ్లంలో కాయ సరిగ్గా ఎండకపోయినా, తాలు కాయలు కలిసినా బూజు పడుతుంది. ఒక లాటులో అది ఎక్కువుందని అవతలివాళ్లు, ఇక్కడి పరీక్షలో బాగానే వచ్చిందని ఈయన. మాట పెరిగింది. కొత్త ఒప్పందం ఆగింది. ఆ లాటుకు రావాల్సిన డబ్బూ ఆగింది. ఇక్కడ కోల్డ్‌ స్టోరేజీలో టిక్కీలు పేర్చి ఉన్నాయి, వాటి మీద బ్యాంకు వడ్డీ నడుస్తోంది. నేరుగా వెళ్లి తేల్చుకోవాలి. అంతకుముందు ఏడాదే ఒకసారి ప్రయత్నిస్తే వీసా రాలేదు!

ఎందుకు రాలేదంటే... కారణం రాసిచ్చిన కాగితంలో ఉండేది ‘214-బీ’ అన్న అంకె ఒక్కటే. అమెరికా వలస చట్టంలోని సెక్షన్‌ అది. వచ్చేవాడు అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని ముందే అనుకోమంటుంది చట్టం. కాదని నమ్మించాల్సిన బాధ్యత మనది. మామూలు కోర్టులో నేరం రుజువయ్యేదాకా అందరూ నిర్దోషులే, ఈ కిటికీ దగ్గర లెక్క తిరగబడుతుంది. అప్పీలు లేదు. మళ్లీ ఎప్పుడైనా దరఖాస్తు చేసుకోవచ్చు, మళ్లీ 185 డాలర్లు కట్టి. కట్టింది తిరిగి రాదు.

మిర్చిగారు మాత్రం కారణం తానే పసిగట్టారు. మొదటిసారి అమీర్‌పేటలో ఒక కన్సల్టెంటును పట్టుకున్నారు. పదిహేను ప్రశ్నలు, పదిహేను ఇంగ్లిషు జవాబులు టైపు చేసిచ్చాడతను. వారం రోజులు ఎక్కాలు వల్లెవేసినట్టు వల్లెవేశారు. తీరా కిటికీ దగ్గర ‘మీరు అమ్మేదేంటి?’ అని అడిగితే, ‘ప్రముఖ ఎగుమతి సంస్థకు మేనేజింగ్‌ పార్ట్‌నర్ని’ అని మూడో ప్రశ్నకు రాసుకున్న జవాబు అప్పజెప్పారు. ముప్పై ఏళ్లుగా మిర్చి తప్ప వేరే మాటెత్తని మనిషి నోట మిర్చి అన్న మాటే రాలేదు!

అంతకంటే ప్రమాదకరమైన సలహా ఇంకోటిచ్చాడట ఆ పెద్దమనిషి. డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురి సంగతి దాచేయమన్నాడు. డీఎస్‌-160 దరఖాస్తులో అమెరికాలో ఉన్న దగ్గరి బంధువుల గురించి సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాసి దొరికితే, 214-బీలా మళ్లీ ప్రయత్నించే దారి ఉండదు. జీవితాంతం వెంటాడే అనర్హత పడుతుంది. అదృష్టవశాత్తూ కూతురే ఫోన్లో కేకలేసి ఉన్నదున్నట్టు రాయించింది. ఇలాంటి సలహాలకు డబ్బిచ్చుకోవడం కన్నా ఇంట్లో పిల్లల చేత నాలుగు ప్రశ్నలు అడిగించుకోవడం మేలని నా అభిప్రాయం.

అన్నట్టు, దరఖాస్తు నింపడమూ చిన్న పనేం కాదు. మన ఇంటిపేర్లే సగం కష్టం. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కొందరికి ఒక్క పొడి అక్షరం, కొందరికి ఆ గడే ఖాళీ. ఖాళీగా ఉంటే అసలు పేరును ఇంటిపేరు గడిలో రాసి, పేరున్న చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పెట్టాలి. ‘తొలిపేరు తెలియదు’ అని దానర్థం. తల్లిదండ్రులు బారసాల చేసి మరీ పెట్టిన పేరుకు ఎంత గతి పట్టిందో చూడండి! గత అయిదేళ్లలో వాడిన సోషల్‌ మీడియా ఖాతాలూ రాయాలి. కంప్యూటర్‌ ముందు ఓ 20 నిమిషాలు ఊరికే కూర్చుంటే దరఖాస్తు దానంతటదే మూసుకుపోతుంది, కాబట్టి మధ్యమధ్యలో భద్రపరచుకోవాలి. ఫొటోకి కళ్లజోడు తీసేయాలి, 2016 నవంబరు నుంచీ అదే నియమం.

రెండోసారి మిర్చిగారు కాగితాలు తగ్గించారు. మొదటిసారి పొలం పాసుపుస్తకాలు, ఇంటి దస్తావేజులు, ఊళ్లో సన్మానం చేసినప్పటి ఫొటో సహా మోసుకెళ్లారట. ఒక్కటీ అడగలేదు. ఈసారి ఎగుమతి కోడ్‌ పత్రం, జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు, షిప్పింగ్‌ బిల్లులు, న్యూజెర్సీ నుంచి వచ్చిన ఆహ్వాన లేఖ, రెండు చోట్లా చేయించిన పరీక్షల నివేదికలు... అంతే. తేదీ కూడా చూసుకుని పెట్టుకున్నారు. వేసవిలో మిర్చి యార్డుకు సెలవులిస్తారు. ఆ రోజుల్లో వెళ్లి, యార్డు తెరిచేలోగా తిరిగి రావాలన్నది లెక్క.

ఆ ఉదయం నానక్‌రామ్‌గూడలో నేనూ రోడ్డుకు ఇవతల నిలబడి చూశాను. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. ఆ ఫోన్లు చేతపట్టుకుని, గేటు వైపే చూస్తూ చెట్టు నీడన భార్యలు, భర్తలు, తండ్రులు. బయటికొచ్చేవాళ్ల చేతిలో పాస్‌పోర్టు ఉందా అన్నదే అందరి చూపూ. మంజూరైతే ముద్ర వేయడానికి అక్కడే ఉంచుకుంటారు, తిరస్కరిస్తే తిరిగి చేతిలో పెడతారు. అందుకే ఇక్కడ ఖాళీ చేతులతో వచ్చినవాడే నవ్వుతూ వస్తాడు. ఇంకా పరిశీలించాలంటూ ‘221-జీ’ కాగితం ఇస్తే మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియదు. వారాలూ పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు.

మిర్చిగారు ఖాళీ చేతులతోనే వచ్చారు. ఏమడిగారంటే పూసగుచ్చినట్టు చెప్పారు. ఈసారి ఇంగ్లిషు జోలికి పోలేదు. తెలుగులో మాట్లాడతానంటే సరేనన్నారట. ఇక్కడ ఆ వీలుంది, వాడుకోవడానికి మనవాళ్లే నామోషీ పడతారు.

‘‘ఎందుకు వెళ్తున్నారన్నాడండీ. బూజు గొడవండీ అన్నా.’’

అవతలి మనిషి తలెత్తి చూశాడట. సంగతంతా విని, ఫోన్లో తేల్చుకోలేరా అని అడిగాడట.

‘‘ఫోన్లో కాయ విరిచి చూపించలేనండీ అన్నా. కూతురుంది కదా, అక్కడే ఉండిపోతారా అన్నాడు. జూన్‌లో యార్డు తెరుస్తారండీ, నేను లేకపోతే నా కొట్టు ముందు ముఠా వాళ్లకు పనుండదన్నా. అంతేనండీ. రెండు నిమిషాలు.’’

వీసా వచ్చినంత మాత్రాన అయిపోలేదు. అది తలుపు తట్టడానికి అనుమతి మాత్రమే. ఎన్ని రోజులుండాలో నిర్ణయించేది అక్కడి విమానాశ్రయంలో అధికారి. న్యూజెర్సీ ఆసామి ఎంతవరకు ఒప్పుకుంటాడో అదింకో కథ. ఆ ఆలోచనలో ఆయనుంటే, ఆవిడ ఫోన్‌ చేతికిచ్చి, ‘‘ఏవండీ, చిలుకూరు ఇటేగా’’ అన్నారు.

గండిపేట చెరువుకు అవతల ఉన్న చిలుకూరు బాలాజీని జనం వీసా బాలాజీ అని పిలుచుకోవడం తెలిసిందే. హుండీ లేని గుడి అది. కోరిక చెప్పుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. స్వామి ఎంతమందికి వీసాలిప్పించాడో గానీ, కిటికీ ముందు కాళ్లు వణక్కుండా నిలబడే ధైర్యమైతే చాలామందికి ఇచ్చాడనే అనుకుంటాను. ముందు నెల వచ్చి 11 తిరిగి వెళ్లింది ఆవిడే.

‘‘మొక్కింది నేను, తిరగాల్సింది మీరు’’ అని ఆవిడ తేల్చేశారు. అంకెలు అచ్చేసిన కాగితం, పెన్సిలు ఆయన చేతిలో పెట్టి, తాను నీడపట్టున కూర్చున్నారు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి. నలభై దాటేసరికి నడక నెమ్మదించింది. పక్కనుంచి ఇంజినీరింగు కుర్రాడొకడు కాగితంలో గళ్లు కొట్టుకుంటూ దూసుకుపోతుంటే ఆపి, ‘‘ఎక్కడికి బాబూ?’’ అని అడిగారు.

‘‘నాది పదకొండేనండీ. గురువారం ఇంటర్వ్యూ.’’

‘‘ఇంగ్లిషులోనా, తెలుగులోనా?’’ అంటూ ఆయన కుర్రాడితోపాటు అడుగు వేశారు.