నీలం ఉంగరం, ఇరవై రెండు పేకముక్కలు

పదిహేనేళ్ల మా మనవడు ఈ వేసవి సెలవులకి వస్తూ మూడు లావుపాటి పుస్తకాలూ, గుడ్డసంచీ నిండా రంగురంగుల పాచికలూ తెచ్చుకున్నాడు. ఆరు ముఖాలవే కాదు, నాలుగు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాలవి కూడా ఉన్నాయి. ఏమిట్రా ఇవి అంటే "డంజన్స్ అండ్ డ్రాగన్స్ తాతయ్యా" అన్నాడు. పుస్తకం తిరగేస్తే అన్నీ మంత్రగాళ్లు, రాక్షసులు, మహిమగల కత్తులు! నా గత వ్యాసాలు చదివిన మిత్రులు నా మొహం ఎలా మారి ఉంటుందో ఊహించగలరు. మా ఆవిడైతే "ఇక మొదలెడతారు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

కానీ నేను మొదలెట్టలేదు. ముప్ఫై నాలుగేళ్లు రక్షణ శాఖ లెక్కల్లో బతికినవాణ్ణి, పట్టిక కనపడితే చదవకుండా ఉండలేను. ఆ పుస్తకాల నిండా పట్టికలే.

ఈ ఆట 1974లో అమెరికాలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. కర్తలు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. ఈ గైగాక్స్ అంతకుముందు బీమా సంస్థలో అండర్‌రైటరు. ఎంతమందిలో ఎంతమందికి ఏం జరుగుతుందో పట్టికలు చూసి ప్రీమియం కట్టే పని. ఆ సంగతి తెలిశాక నాకు ఆట మీద సగం కోపం పోయింది.

ఈ ఆటలో కొన్ని మాయ వస్తువులు మనిషి మాట వినవు. 'వాండ్ ఆఫ్ వండర్' అని ఒక మంత్రదండం ఉంది. దాన్ని శత్రువు వైపు చూపించి నూటి పాచిక వేస్తారు. అగ్నిగోళం రావచ్చు, ఆరువందల సీతాకోకచిలుకలు రావచ్చు, ఏనుగు రావచ్చు, ఎలుక కూడా రావచ్చు. అన్నిటికన్నా పేరుమోసింది 'డెక్ ఆఫ్ మెనీ థింగ్స్' అనే పేక. 1975లో వచ్చిన 'గ్రేహాక్' అనే అనుబంధంలో మొదట కనిపించింది, ఇప్పటికీ ఆటగాళ్లని వణికిస్తోంది.

మావాడి పుస్తకం 2014 నాటి ఐదో ఎడిషన్. దాని ప్రకారం పూర్తి పేకలో 22 ముక్కలు. మామూలు పేకతోనే ఆడొచ్చు. నాలుగు రంగుల్లోనూ ఆసు, రాజు, రాణి, జాకీ, రెండు తీసుకుంటే ఇరవై, రెండు జోకర్లతో ఇరవై రెండు. డైమను, ఆఠీను అన్నీ మంచివి. కోటో, మణులో, అడిగిన వరాలో వస్తాయి. కళావరు, ఇస్పేటు అన్నీ చెడ్డవి. కళావరు రాజు వస్తే నీ ఆత్మ ఎక్కడో ఒక వస్తువులో బందీ. ఇస్పేటు ఆసు వస్తే నువ్వే బందీ. ఇస్పేటు రాజు వస్తే మాయ వస్తువులు తప్ప ఆస్తంతా హుళక్కి. ఎన్ని ముక్కలు తీస్తావో ముందే చెప్పాలి. చెప్పాక వెనక్కి తగ్గడం లేదు, గంటలోగా తీయకపోతే మిగిలినవి వాటంతటవే ఎగిరొచ్చి మీద పడతాయి. తీసిన ముక్క, జోకర్లు తప్ప, మళ్లీ పేకలో చేరుతుంది.

నేను కాగితం తీసుకున్నాను. ఆ రెండు బందీ ముక్కల్లో ఒకటి తగిలే అవకాశం ఒక్కసారి తీస్తే 22లో 2, అంటే నూటికి 9. మూడుసార్లు తీస్తే (జోకర్ల చిక్కు పక్కనపెడితే) నూటికి దాదాపు 25. నాలుగింట ఒకరు గోవిందా! ఇది చూపించి "వద్దురా" అన్నాను. వాడు మూడు తీస్తానన్నాడు. మొదటిది డైమను, రెండోది ఆఠీను. "చూశావా, రెండు మంచివొచ్చాయి, ఊపులో ఉన్నాను" అన్నాడు. తీసిన ముక్క తిరిగి కలిసిపోతుంటే ఊపేమిట్రా, పేకకి జ్ఞాపకం ఉంటుందా అంటున్నాను. మూడోది ఇస్పేటు ఆసు.

వాడి ఏడుపు సంగతి అలా ఉంచండి. నన్ను ఆకట్టుకున్నది ఇంకోటి. ఆ సాయంత్రం పాచిక వరసగా చిన్న అంకెలు వేసిందని దాన్ని ఒక గాజుగ్లాసు కింద బోర్లించాడు. 'పాచికల జైలు' అట! వాళ్ల జట్టులో అందరూ చేస్తారట. 1967లో జేమ్స్ హెన్స్‌లిన్ అనే సామాజిక శాస్త్రవేత్త, పాచికలాడే ట్యాక్సీ డ్రైవర్లు చిన్న అంకె కావాలంటే మెల్లగా, పెద్దది కావాలంటే గట్టిగా విసరడం గమనించి రాశాడు. ఎలెన్ లాంగర్ 1975 నాటి పరిశోధనలో, డాలరు లాటరీ టికెట్టు తామే ఎంచుకున్నవాళ్లు దాన్ని తిరిగి అమ్మడానికి సగటున 8.67 డాలర్లు అడిగారు, చేతిలో పెట్టించుకున్నవాళ్లు 1.96. ఇవన్నీ వాడికి చెప్పి నవ్వాను. మర్నాడు వాడి తరఫున నేనోసారి పాచిక వేయాల్సి వచ్చింది. వేసేముందు గుప్పిట్లో ఊదాను. వాడు చూశాడు.

ఇప్పుడు అసలు విషయం. రాయాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను.

మా తమ్ముడు 2006లో నీలం ఉంగరం కొన్నాడు. నీలం సంగతి తెలిసిందేగా, కలిసొస్తే అందలం, కలిసిరాకపోతే అధోగతి అంటారు. అందుకే మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని పరీక్షించి పెట్టుకోమంటారు. ఆలోచిస్తే ఇది అచ్చంగా ఆ పేకలాంటి వస్తువే. తేడా ఒక్కటే, దీనికి పట్టిక లేదు. ఏం జరిగితే నీలం పనిచేసినట్టో, ఏం జరిగితే పనిచేయనట్టో, ఎన్నాళ్లలో జరగాలో ఎక్కడా రాసి లేదు. వోచరు లేని ఖర్చు. ఆ ఏడాది తమ్ముడికి ప్రమోషన్ వచ్చింది, నీలం ఖాతాలో జమ. మరుసటి ఏడాది స్కూటరు మీద నుంచి పడి చెయ్యి విరిగింది, అదీ నీలమే, "తలకి తగలాల్సింది చేతితో పోయింది" అన్నాడు. మనిషి ఉంగరం కొనేది కష్టాల్లో అడుగున ఉన్నప్పుడు. అడుగు నుంచి చాలామంది ఎలాగూ కొంత పైకే వస్తారు. ఇదంతా వాడికి చెప్పాను. మంచిగా కాదు, పదిమందిలో, పెళ్లిళ్లలో, భోజనాల దగ్గర. అందరూ నవ్వేవారు. నాకు బాగుండేది.

2011లో ఒక మధ్యాహ్నం వాడికి ఛాతీలో నొప్పి వచ్చింది. నీలం వికటించిందనుకుని ఉంగరం తీసి బీరువాలో పెట్టాడు. సాయంత్రానికి నొప్పి తగ్గింది. గుండెనొప్పి అలా వచ్చి తగ్గి మళ్లీ రావచ్చు, అది ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తు. వాడు మాత్రం ఉంగరం తీయడం వల్లే తగ్గిందనుకున్నాడు. నాలుగో రోజు తెల్లవారుజామున పోయాడు.

మా మరదలు తర్వాత చెప్పింది. "మీకు ఫోన్ చేద్దామన్నాను బావగారూ. అన్నయ్య నవ్వుతాడు, వద్దు అన్నారు."

నీలం వాణ్ణి చంపలేదు. రాయి ఏమీ చేయదు, ఆ మాటలో నాకు ఈనాటికీ సందేహం లేదు. కానీ నేను నవ్వకుండా ఉంటే ఆ ఫోన్ వచ్చేదా? నొప్పి మాట వింటే నేను ఆసుపత్రికి పరిగెత్తించేవాణ్ణి. ఈ పద్దు మాత్రం నా ఖాతాలోంచి తీసేయలేకపోతున్నాను. మన సభల్లో బాబాల మీద జోకులు వేసి చప్పట్లు కొట్టించుకుంటున్నప్పుడల్లా గుర్తొస్తుంది. జోకులు మానేశానని చెప్పను, అబద్ధం అవుతుంది. ఎదురుగా ఉంగరాల చెయ్యి ఉంటే మాత్రం వేయడం లేదు.

ఉంగరం మా మరదలు నాకే ఇచ్చేసింది. బల్ల సొరుగులో ఉంటుంది. మొన్న పెన్సిలు కోసం వెతుకుతూ మావాడు దాన్ని పట్టుకున్నాడు. "ఇదేం చేస్తుంది తాతయ్యా?" అన్నాడు, ఆటలో అడిగినట్టే. ఏమీ చేయదన్నాను. అయితే ఆటలో వాడుకుంటానని, ఇరవై గళ్ల పట్టిక గీసి నా ముందు పెట్టాడు. ఒక్కొక్కటీ రాశాం. దారి తప్పిన మేక వస్తుంది, గడ్డం ఊడుతుంది, మూడు గంటలు నిజాలే మాట్లాడతావు... పన్నెండు గళ్లలో 'ఏమీ జరగదు' అని రాయించాను. అలా అయితే ఎవడూ పెట్టుకోడన్నాడు. బేరమాడి తొమ్మిదికి దించాడు.

పదిహేడో గడికి వచ్చేసరికి నా నోటి వెంట వచ్చేసింది, "నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది" అని. వాడు రాసుకుని, పెన్సిలు ఆపి, "ఇది ఎర్రముక్కా, నల్లముక్కా?" అని అడిగాడు.

చిన్నతాతయ్య గుండెపోటుతో పోయాడని మాత్రమే వాడికి తెలుసు. మిగతాది అప్పుడు చెప్పాను, నవ్విన సంగతితో సహా. వాడు ఆ గడి కొట్టేయలేదు. పక్కన బ్రాకెట్లో 'జబ్బు మాత్రం తగ్గదు, ఈ మాట ఆటగాడికి చెప్పకూడదు' అని రాసి, పద్దెనిమిదో గడికి వెళ్లాడు.