సూరత్ నుంచి రెండు ఉత్తరాలు

సచిన్, మంగళవారం

అక్కా,

క్షేమంగా చేరాను. సూరత్‌లో రైలు దిగి, ముంబై లైనులో కొద్ది దూరం వస్తే ఈ ఊరు. ఆఫ్రికా మూలాలున్న సిద్దీ నవాబులు 1791 నుంచి 1948 దాకా ఏలిన సంస్థానం ఇది. ఇప్పుడు ఎటు చూసినా సాంచాల (మరమగ్గాల) షెడ్లు, అద్దకం మిల్లులు, వాటి పొగగొట్టాలు. పక్కనున్న మనిషి మాట వినబడాలంటే చెవి దగ్గర అరవాలి.

ఇక్కడి పనివాళ్ళలో ఒడిశా గంజాం జిల్లా వాళ్ళు చాలామంది. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. పగటి షిఫ్టు వాళ్ళు లేచి వెళ్ళిన చాపల మీదే రాత్రి షిఫ్టు వాళ్ళు వచ్చి పడుకుంటారు. భార్యాపిల్లలు సొంత ఊళ్ళోనే. ఏళ్ళు గడిచినా వీళ్ళకు ఈ చోటు సొంతం కాలేదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు సూరత్ కూలీలు మమ్మల్ని మా ఊరికి పంపండని రోడ్డెక్కారు, గుర్తుందా? అలా ఎందుకు అడిగారో ఇక్కడికొచ్చాకే నాకు అర్థమైంది.

లింబాయత్, శుక్రవారం

అక్కా,

సూరత్‌లోని ఈ పేటలో అడుగుపెట్టగానే మన మాట వినబడింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గం కూడు పెట్టక తరలివచ్చిన పద్మశాలీలు. వీళ్ళు కుటుంబాలతో వచ్చారు. మార్కండేయుణ్ణి కొలుస్తారు, బతుకమ్మ ఆడతారు. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఆ ఒక్క పనికి ఈ నగరానికి చేతులెత్తి మొక్కాలనిపించింది. పిల్లలు బడిలో తెలుగు చదువుకుని, వీధిలో గుజరాతీ, హిందీ మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ సొంతూరు ఏదంటే సూరతే.

ఒక్కటి మాత్రం మనసును కలచివేసింది. మన సిరిసిల్లలో సాంచాలు ఆగినప్పుడల్లా సూరత్ చవక గుడ్డ దెబ్బ కొట్టిందంటాం. ఆ గుడ్డ నేసేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను తప్పుపట్టలేను. బతుకుదెరువు దొరికిన చోటికి పిల్లల్ని వెంట తెచ్చుకుని, బడిలో వేసి, పండుగలు నిలుపుకున్నారు. సచిన్ షెడ్లలోని వాళ్ళకూ కుటుంబంతో ఉండే గది, పిల్లలకు బడి దొరికితే ఇది వాళ్ళ ఊరూ అవుతుంది. ఆ బాధ్యత వాళ్ళ చెమటతో లాభం గడిస్తున్న యజమానులది, ప్రభుత్వానిది.

మీ బడిలో అదనంగా ఉన్న పిల్లల కథల పుస్తకాలు ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళ చేత పంపించు. ఇక్కడ తెలుగు పుస్తకం దొరకడం కష్టం.

నీ తమ్ముడు