జరగని ఆపరేషన్ల పద్దు

బస్సు దిగి, అక్కడి నుంచి ఆటో పట్టుకుని ఊరు చేరేసరికి పదకొండయింది. మహిళా సంఘం గదికి తాళం. పక్కింటి పెద్దమ్మ జొన్నలు చెరుగుతోంది. "పత్తి ఏర పోయిన్రు. కూసో బిడ్డా, వస్తరు" అంది, చేట ఆపకుండానే.

పాత మెదక్ జిల్లాలోని ఈ ఊరికి నేనొచ్చింది ఒక నోట్‌బుక్ చూడడానికి. బడిపిల్లలు వాడేదే, అట్ట మీద పసుపు మరక. ఎడమ పేజీలో వచ్చిన డబ్బు: నెలకు మనిషికి 20 రూపాయలు. కుడి పేజీలో పోయింది: "దవాఖానకు ఆటో 240. చాయ్ 30. జిరాక్స్ 8."

ఆ ఆటో కథ పద్దు రాసే ఆమే చెప్పింది. ఆమెకు 38 ఏళ్లు. 26వ ఏట తెల్లబట్ట అవుతోందని టౌన్లో ప్రైవేటు డాక్టరుకు చూపించుకుంటే గర్భసంచి తీసేశారు. "ఇద్దరు పిల్లలైన్రు, ఇంక అదెందుకన్నరు. ఉంటే క్యాన్సరైతదన్నరు. ఎవల్నడగాల్నో తెల్వలే." అప్పు తీర్చడానికి మూడేళ్లు పట్టింది. నడుంనొప్పి, ఒంట్లో ఆవిర్లు మాత్రం పోలేదు. ఇప్పుడు సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరికి ఆపరేషన్ తేదీ ఇచ్చినా ఇద్దరు తోడు వెళ్లి సర్కారు దవాఖానలో ఇంకో డాక్టరుకు చూపించాల్సిందే. మందులతో తగ్గి వెనక్కొచ్చినవాళ్ల పేర్ల పక్కన చిన్న టిక్కు పెట్టింది. మూడు పేజీల్లో నాలుగు టిక్కులు లెక్కపెట్టాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎనిమిది మందికి పైనే. అనవసరమైన ఈ ఆపరేషన్లను అడ్డుకునే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఆ మార్గదర్శకాల్లో జిల్లాకో పర్యవేక్షణ కమిటీ ఉంది. మన జిల్లా కమిటీలో ఎవరెవరున్నారని ప్రజావాణిలో అడుగుతూ వీళ్లు రాసిన అర్జీకే ఆ 8 రూపాయల జిరాక్స్.

ఇలా కూర్చుని మాట్లాడుకోవడానికి ఒకప్పుడు డబ్బు వచ్చేది. తొంభైల మొదట్లో ఈ జిల్లాలో మహిళా సమత సంఘాలు పుట్టాయి. నెదర్లాండ్స్ సాయంతో మొదలైన మహిళా సమాఖ్య అనే కేంద్ర పథకమే వాటికి మూలం. అప్పులిచ్చేది కాదు, సబ్సిడీలు పంచేది కాదు. ఆడవాళ్లను ఒకచోట చేర్చడమే దాని పని. 2016లో దాన్ని జీవనోపాధుల మిషన్‌లో కలపాలని కేంద్రం నిర్ణయించింది. ఇప్పుడు సంఘమంటే బ్యాంకు కిస్తీ.

తర్వాత కొన్నాళ్లు ఒక చిన్న ట్రస్టు ఆదుకుంది. దానికి డబ్బు హైదరాబాదులోని పెద్ద సంస్థ నుంచి వచ్చేది, ఆ సంస్థకు బయటి దేశం నుంచి. 2020లో విదేశీ విరాళాల చట్టం మారాక ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. ఆఫీసు ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి దిగింది. ట్రస్టు కార్యకర్త రావడం మానేసింది.

చట్టం ఒక్కదాన్నే తప్పుపట్టలేను. గ్రాంటు దరఖాస్తులు నేనూ నింపాను. ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎన్ని శిబిరాలు పెట్టారు అని అడుగుతాయి. ఆపరేషన్ జరిగితే బిల్లుంటుంది, ఫోటో ఉంటుంది. జరగకపోతే ఏముంటుంది, ఆటో చార్జీ తప్ప? ఈ నోట్‌బుక్‌ను ఏ దాతకైనా పంపితే ఆ 240 రూపాయల్ని "ఇతర ఖర్చులు" కింద తోసేస్తారు. నేనైతే ఆ గడిని అన్నిటికన్నా పైన పెడతాను. నన్నెవరూ అడగలేదనుకోండి.

మధ్యాహ్నం పత్తి చేను నుంచి తిన్నగా వచ్చిన ఒకమ్మాయిని తీసుకుని పద్దు రాసే ఆమె, ఇంకొకామె దవాఖానకు బయల్దేరారు. స్కానింగు కాగితాలు పాలిథిన్ సంచిలో మడతపెట్టుకుంది. నేనూ అదే ఆటో ఎక్కాను. దిగేటప్పుడు మొత్తం చార్జీ నేనిస్తానంటే పద్దు రాసే ఆమె ఒప్పుకోలేదు.

"మీ వంతు అరవై ఇయ్యుండ్రి" అని, నోట్‌బుక్ మోకాలి మీద పెట్టుకుని ఎడమ పేజీలో రాసుకుంది.