నల్లమలలో రాలిన యాకులు

ఆళ్లగడ్డమీదుగా అహోబిలమునకు పోవు యాత్రికులు స్వామిని సేవింతురు, కొండలను, సెలయేళ్లను చూచి మురియుదురు. పాదములక్రింద గలగలలాడు ఎండుటాకులను పరికించువా రరుదు. ఈ క్షేత్రము 2022లో కర్నూలునుండి వేఱుపడిన నంద్యాల జిల్లాలోనిది. మేము ఫాల్గుణమాసమున ఎగువ అహోబిలపు దారిని నడచితిమి. తునికి, ఏగిస మున్నగు చెట్లు ఆకులు రాల్చి మోడులవలె నిలిచియుండెను. ఏటేట నిన్ని యాకులు రాలుచుండగా అడవి యేల పూడిపోదు? ఈ కసవు నూడ్చు ఇల్లా లెవరు?

ఎండలకాలమున ఆ పని చాలవఱకు చెదలది. మేమొక యాకు నెత్తి చూచితిమి. దానియడుగున పలుచని మట్టిపూత, ఆ పూతచాటున తెల్లని పురుగులు! గట్టి యీనెలుగల యాకును చెద తనంత జీర్ణించుకొనలేదు. అందుచే పుట్టలు పెట్టు చెదలు తాము నమలి మ్రింగి విసర్జించిన యాకుపిప్పిని పుట్టలోపల తుట్టెవలె పేర్చి, దానిపై నొక బూజును పెంచును. బూజు పిప్పిని మెత్తపఱచినపిదప చెదలు దానిని తినును. మనము పిండిని పులియబెట్టి వండుకొనుటయు నిట్టిదే గదా! వానలు పడగనే యా బూజు పుట్టపై గొడుగులై లేచును. పుట్టగొడుగని పేరిడిన మన పెద్దలు ఎంత చక్కగా కనిపెట్టిరో!

తొలకరితో రోకలిబండలు వెలువడి నానిన యాకులను కొఱికి పొడిచేయును. వేసవియంతయు నేలలోతున ముడుచుకొనియున్న వానపాములు తేమ తగిలినంతనే పైకివచ్చి యా పొడిని మన్నుతో కలుపును. కంటి కగపడని సూక్ష్మజీవులు దానిని ఎరువుగా మార్చును. ఇట్లు చెట్టు విడిచినది మరల చెట్టువేళ్లకే చేరును. వానలు కొఱతయైన కర్నూలు, కడప సీమలలో ఈ యాకుల పఱపు నేలతడిని కాపాడు దుప్పటి.

ఈ దుప్పటికి పరమశత్రువు నిప్పు. చెట్టుక్రింద వండుకొని యార్పక విడిచిన యొక్క కొఱవి చాలును. ఆకులలోని నత్రజనిలో చాలభాగము పొగయై పోవును. పురుగులకు తిండి కఱవగును. బోసిపోయిన నేల తొలివానకే కొట్టుకొనిపోవును. కడపజిల్లాలోని లంకమలకు, పాలకొండలకు పోవువారికిని ఈ మాట వర్తించును.

సోదరీమణులారా! అడవిలో పొయ్యి పెట్టకుడు. పులిహోర, దద్దోజనము ఇంటనే మూటగట్టుకొని పొండు. పెరటిలో రాలిన వేపాకులనైనను తగులబెట్టక గుంటలో వేసి, అపుడపుడు నీరు చిలుకరింపుడు. కొన్ని నెలలకు మీ మల్లెపాదునకు నల్లని యెరువు దక్కును.