నెల్లికుదురులో ఎలుకబోను గోడ

మానుకోట నుంచి తొర్రూరు పోయే రోడ్డు మీద నెల్లికుదురు వస్తుంది. రైల్వే స్టేషన్ బోర్డు మీద, జిల్లా కాగితాల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ, ఇక్కడ ఎవర్నడిగినా మానుకోటే. ఈ మధ్య మా ఊళ్లోకి వచ్చేవాళ్లకు ముందు కనబడేది ఇసుక కుప్పలు, కంకర, గోడల మీంచి ఆకాశంలోకి లేచిన ఇనుప చువ్వలు. ఇందిరమ్మ ఇళ్ల పని నడుస్తోంది. ఏ వాడకు పోయినా ఒకటే ముచ్చట: బేస్మెంట్ అయిందా, గోడలు లేచినయా, స్లాబు ఎప్పుడు?

పథకం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సొంత జాగా ఉన్న పేదవాళ్లకు ఇల్లు కట్టుకోవడానికి సర్కారు 5 లక్షల రూపాయలు ఇస్తుంది, నాలుగు విడతల్లో. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. పైకప్పు కాంక్రీటు స్లాబే ఉండాలి. ఒక్కో దశ కాగానే ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి, దాన్ని చూసి డబ్బు పడుతుంది. నేను హైదరాబాద్‌లో ఇలాంటి యాప్‌లు రాసే పనే చేస్తాను కాబట్టి దీని మీద నాకు గౌరవమే. మధ్యలో చేతులు తడిపే పని తగ్గుతుంది.

మా చిన్నాయినకు ఇల్లు మంజూరైంది. పాత ఇల్లు మా తాత కట్టించింది. మట్టిగోడలు, టేకు దూలాలు, పైన బెంగుళూరు పెంకులు. ఎండాకాలం అందులో పడుకుంటే కూలర్ అవసరం ఉండేది కాదు. అయితే 2024 ఆగస్టు చివర్లో పడ్డ వాన గుర్తుందా? సెప్టెంబర్ 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన ఫోటోలు దేశమంతా చూసింది. ఆ రాత్రే చిన్నాయిన ఇంటి వెనక గోడ నానీ నానీ కూలింది. చిన్నమ్మ ముందర్రూంలో పడుకుంది కాబట్టి బతికింది. అందుకే మట్టి ఇల్లు, చల్లదనం, పాత రోజులు అని ఎవరైనా కవిత్వం మొదలుపెడితే నేను కొంచెం దూరం జరుగుతాను.

కానీ 5 లక్షలతో ఇల్లు పూర్తి కాదని ఊళ్లో అందరికీ తెలుసు. పైన పడేది అప్పు. మిర్చి ధర ఎట్లుంటుందో తెలియని ఏడాదిలో రెండు మూడు లక్షల అప్పు అంటే మా తమ్ముడి చదువు మీద పడుతుంది. ఆ అప్పు ఎంతలో ఆగుతుందన్నదే మా ఇంట్లో అసలు లెక్క.

ఈ లెక్క బుర్రలో తిరుగుతుండగానే ఆఫీసు పని మీద తిరువనంతపురం వెళ్లాల్సి వచ్చింది. వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మన మానుకోట మీదుగానే పోతుంది, మర్నాడు అక్కడ దింపుతుంది. స్టేషన్ బయటికి రాగానే తంపానూరులో ఇండియన్ కాఫీ హౌస్. ఎర్ర ఇటుకల గుండ్రటి కట్టడం, నత్తగుల్లలా పైకి తిరుగుతూ పోతుంది. లోపల మెట్లు లేవు. వాలుగా ఎక్కే నేల, దాని పొడవునా గోడకు ఆనించి కట్టేసిన బల్లలు, బెంచీలు. గోడ నిండా కిటికీలకు బదులు చిన్న చిన్న కంతలు. ఏసీ లేదు, గాలి మాత్రం వస్తూనే ఉంది. ఇది ఎవరు కట్టారని అడిగితే కాఫీ తెచ్చిన పెద్దాయన, తలపాగా సర్దుకుంటూ, మా ఇంటాయనే అన్నట్టు చెప్పాడు: "బేకర్."

లారీ బేకర్. 1917లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు, ఆర్కిటెక్చర్ చదివాడు, క్వేకర్ అయ్యాడు. క్వేకర్ అనగానే మనకు ఓట్స్ డబ్బా మీది టోపీ తాత గుర్తొస్తాడు. ఆ కంపెనీకీ వీళ్లకీ ఏ సంబంధమూ లేదు, మంచి పేరు కదా అని వాడుకున్నారు, అంతే. క్వేకర్లు 1650ల ప్రాంతంలో జార్జ్ ఫాక్స్ అనే ఆయన మాటలతో ఇంగ్లండ్‌లో మొదలైన క్రైస్తవ శాఖ. తమను తాము ఫ్రెండ్స్ అనుకుంటారు. వాళ్ల పాత పద్ధతి ప్రార్థనలో పాస్టర్ ఉండడు, పాటలు ఉండవు. అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట వస్తే లేచి చెబుతారు, రాకపోతే గంటసేపు కూర్చుని లేచిపోతారు. నిర్ణయాలకు ఓట్లు వేయరు. అందరి మనసూ ఒక దారికి వచ్చేదాకా ఆగుతారు. మనం గ్రామసభ అని పెట్టుకుని ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లది నెగ్గించే పద్ధతికి ఇది పూర్తి ఉల్టా.

వీళ్లలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఆ కాలం ఇంగ్లిషులో పెద్దవాళ్లను "మీరు" అనాలి, చిన్నవాళ్లను "నువ్వు" అనాలి. మొదటి తరం క్వేకర్లు అందర్నీ "నువ్వు" అన్నారు. జడ్జిని కూడా. టోపీ తీయమంటే తీయలేదు. దానికి జైలుకు పోయారు. తెలంగాణ మాటలో మేము అందర్నీ "నువ్వు" అంటామని, మర్యాద తెలియదని హైదరాబాద్ హాస్టల్లో నా రూమ్మేట్లు ఆటపట్టించేవాళ్లు. అయితే మన "నువ్వు" వేరు. "నీ బాంచెన్ దొరా" అన్న మాటలో కూడా "నీ" ఉంది, సమానత్వం మాత్రం లేదు. వ్యాకరణం ఒక్కటే మనుషుల్ని సమానం చెయ్యదు.

ఈ మౌనం మనుషులు ఇంట్లో కూర్చుని ఊరుకోలేదు. బానిస వ్యాపారాన్ని ముందుగా వ్యతిరేకించినవాళ్లలో వీళ్లున్నారు. ఇంగ్లండ్‌లో కోక్ బొగ్గుతో ఇనుము కరిగించడం 1709లో సాధించిన అబ్రహాం డార్బీ క్వేకరే. మనం తినే క్యాడ్‌బరీ చాక్లెట్ కుటుంబం కూడా. అదే బర్మింగ్‌హామ్ పక్కన బోర్న్‌విల్‌లో జార్జ్ క్యాడ్‌బరీ ఇంటింటికీ తోట ఉండేలా ఒక ఊరే కట్టించాడు. యుద్ధం వస్తే తుపాకీ పట్టం, గాయపడ్డవాళ్లను మోస్తాం అన్నారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో చేసిన ఆ సేవకు బ్రిటన్, అమెరికా క్వేకర్ సంస్థలకు 1947లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. గాంధీకీ లండన్ సర్కారుకూ మధ్య మాట మోసిన అగథా హారిసన్, హొరేస్ అలెగ్జాండర్ కూడా ఈ గుంపు వాళ్లే.

బేకర్ కూడా అలాగే రెండో ప్రపంచ యుద్ధంలో క్వేకర్ల అంబులెన్స్ దళంతో చైనా వెళ్లాడు. తిరుగు దారిలో బొంబాయిలో ఓడ కోసం ఆగినప్పుడు గాంధీని కలిశాడు. పనికిరాని గుడ్డ ముక్కలతో ఆయన కుట్టుకున్న చెప్పుల మీద గాంధీ కన్ను పడిందట. ఊళ్లో ఇల్లు కట్టాలంటే చుట్టూ అయిదు మైళ్లలో దొరికే సరుకుతోనే కట్టాలని గాంధీ చెప్పిన మాట తనకు జీవితాంతం పనికొచ్చిందని బేకర్ చెప్పుకునేవాడు. 1945లో కుష్టు రోగుల ఆస్పత్రులు కట్టడానికి ఇండియా వచ్చాడు, మలయాళీ డాక్టర్ ఎలిజబెత్‌ను పెళ్లి చేసుకున్నాడు, పిథోరాగఢ్ కొండల్లో పదహారేళ్లు ఉన్నాడు, తర్వాత కేరళ. ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. 1990లో పద్మశ్రీ వచ్చింది. 2007 ఏప్రిల్ 1న తిరువనంతపురంలోనే పోయాడు.

ఆదివారం ఉళ్లూరులో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌కు వెళ్లాను. 1970ల మొదట్లో ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ అడిగితే బేకర్ కట్టింది. వాచ్‌మన్ కాసేపు చూసుకోనిచ్చాడు. చెట్టు అడ్డొస్తే గోడ వంగింది గానీ చెట్టు పోలేదు. ప్లాస్టరింగ్ లేదు, రంగు లేదు. ఇటుక ఇటుకలాగే కనబడాలి, దాన్ని ఇంకోటిలా చూపిస్తే అబద్ధం అని ఆయన వాదన. క్వేకర్ల సాదాతనం అక్కడ గోడెక్కింది. అక్కడి కంప్యూటర్ సెంటర్‌కు బయట ఇటుక జాలీ గోడ, లోపల ఇంకో గోడ. మా ఆఫీసు అద్దాల డబ్బాను చల్లబరచడానికి ఎంత కరెంటు కాలుతుందో తలుచుకుని నవ్వొచ్చింది.

నాకు కావల్సింది మాత్రం రెండు కిటుకులు. మొదటిది "ర్యాట్ ట్రాప్" గోడ, అంటే ఎలుకబోను. ఇటుకల్ని పడుకోబెట్టకుండా నిలువుగా పేరుస్తారు. గోడ మందం తొమ్మిదంగుళాలే, లోపల బోలు. ఇటుకలు దాదాపు పావు వంతు మిగులుతాయి, ఆ బోలులోని గాలి ఎండను ఆపుతుంది. రెండోది ఫిల్లర్ స్లాబు. స్లాబు కింది సగంలో కాంక్రీటు చేసే పని తక్కువ, అక్కడ లాగుడును మోసేది ఇనుమే. ఇనుప గళ్ల మధ్య ఆ కాంక్రీటు బదులు పాత పెంకులు పెట్టేస్తే సిమెంటు తగ్గుతుంది, గది చల్లబడుతుంది. పైగా అది కాంక్రీటు స్లాబే, పథకం నిబంధనకు అడ్డం కాదు. తాత పెంకులు కొత్త ఇంట్లోకి పోవచ్చన్నమాట.

సివిల్ చదివిన నా ఫ్రెండును వెంటబెట్టుకుని ఊరికి వచ్చాను. సుతారి మేస్త్రి ఫోన్లో ఫోటోలు చూసి పెదవి విరిచాడు.

"ఎలుకబోను అంటున్నవు. లోపల బోలుంటే ఎలుకలు దూరయా? ఇల్లు ఎట్ల మోస్తది?"

ఎలుకలు దూరడానికి బయటికి సందే ఉండదనీ, ఒక అంతస్తు ఇంటికి ఆ గోడ సరిపోతుందనీ నా ఫ్రెండు చెప్పాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. "మా బట్టీల ఇటుక ఒకటి పెద్దగుంటది, ఒకటి చిన్నగుంటది. నిలబెడితే లెవెల్ రాదు" అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం. కేరళ ఫోటోల్లో కనబడనిది అదే. ఇటుకల్ని ఏరుకోవాలి, కూలి ఒకట్రెండు రోజులు పెరుగుతుంది. ముందు బాత్రూం గోడ అట్లా కట్టి చూద్దాం అనుకున్నాం.

మా తమ్ముడి బాధ వేరే. "అన్నా, అక్కడ డాక్టర్లు, ప్రొఫెసర్లు ప్లాస్టరింగ్ లేని ఇండ్లు కట్టుకుంటే స్టైల్ అంటరు. మనం కట్టుకుంటే పైసల్లేక ఆగింది అంటరు."

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. సాదాతనం ఉన్నవాడికి ఎంపిక. ఇన్నాళ్లూ ఎంపికే లేని మనిషికి సున్నం, రంగు, నున్నటి గోడ అంటే గౌరవం. బేకర్ స్వయంగా ఇంట్లో ఉండబోయేవాళ్లతో గంటల తరబడి మాట్లాడి, పాత కాగితాల వెనక గీతలు గీసేవాడంటారు. అంటే ఆయన పద్ధతిలో మొదటి పని గోడ కాదు, వినడం. యాప్‌లో ఆ గడి లేదు. నేను రాసే యాప్‌ల్లోనూ లేదు. ఎక్కడ ఏ ఫోటో పెట్టాలో అడుగుతాం గానీ పొయ్యి ఎటు ఉండాలమ్మా అని అడగం.

అందుకే ఆ సాయంత్రం వేపచెట్టు కింద మంచాలేసుకుని కూర్చున్నప్పుడు నేను లెక్కలు చెప్పడం ఆపేశాను. చిన్నాయిన బీడీ ముట్టించాడు. మేస్త్రి ఇటుక ముక్కతో నేల మీద ఏదో గీస్తున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. బర్రెకు గడ్డేసి వచ్చిన చిన్నమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంటూ నిలబడింది. కాసేపటికి తనే అంది:

"రోడ్డు దిక్కు గోడకు ప్లాస్టరింగ్ చేసి రంగెయ్యున్రి. కడుమ మూడు దిక్కులు మీ ఇష్టం. పెంకులు మాత్రం పారెయ్యద్దు, మీ తాత కమాయించినయి. ఇంగ ఇంటి ముంగట నాకు అరుగు కావాలె. ఈ కొత్త ఇండ్లల్ల ఏడ కూసుంటరు మనుషులు?"

ప్లానులో అరుగు లేదు. నాకు గుర్తు రాలేదు, నా ఫ్రెండుకూ రాలేదు. మేస్త్రి మాత్రం తలూపాడు. మిగిలే ఇటుకల్లో అరుగు వస్తదన్నాడు.

బాత్రూం గోడ నాలుగడుగులు లేచేసరికి మేస్త్రికి చేయి తిరిగింది. మొదటి రెండు వరసలు వంకరే, మూడో వరస నుంచి తాడుకు సరిగ్గా వచ్చాయి. చివర్లో తట్టి చూసి, "గలగలంటంది" అని నవ్వాడు. పక్కింటాయన వచ్చి కంత పొడుగునా వేలు పెట్టి చూసి, తన ఇంటికి ఇటుక ఎంత మిగులుతుందని అడిగాడు. ఆయనది ఇంకా బేస్మెంటే.

పాత ఇంటి కప్పు విప్పిన రోజు తమ్ముడూ నేనూ పెంకులు లెక్కపెట్టాం. పగిలినవి, చివర్లు విరిగినవి పక్కనపెడితే 310 గట్టివి దక్కాయి. స్లాబులో ఒక్కో గడికి రెండు చొప్పున పోతాయి, 150 గళ్లు. మిగిలిన పదీ బర్రె కొట్టం మీదికి.